చైతన్య రథం, మా తాతయ్య అంబాసిడర్, ఒక చిల్లు

ఈరోజు కథ ఒక చిల్లుతో మొదలుపెడదాం. అవును, చిల్లే. చూపుడువేలు పట్టేంత చిల్లు.

మా తాతయ్యకి గుడివాడలో అద్దె కారు ఉండేది. 1976 అంబాసిడర్, మార్క్ త్రీ. బందరు, అవనిగడ్డ, ఎక్కడికి బేరం వస్తే అక్కడికి. ఆయన పోయాక అది చాలా ఏళ్ళు పశువుల పాకలోనే ఉండిపోయింది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బులతో దాన్ని బాగుచేయిద్దామనుకున్నా. సీట్లలో స్ప్రింగులు తుప్పు పట్టాయి, కొబ్బరి పీచు పొడైపోయింది. అంతా తీయించి కొత్త ఫోము, కొత్త రెగ్జిన్ వేయించా. టచ్ స్క్రీన్, నాలుగు స్పీకర్లు, డిక్కీలో ఒక సబ్ ఊఫర్.

పని మధ్యలో మెకానిక్ అడిగాడు. "తమ్ముడూ, ఇంజన్‌కీ లోపలికీ మధ్య రేకులో ఈ చిల్లేంటి? కంపెనీది కాదు. వెల్డింగ్ పెట్టి మూసేద్దామా?" నేను ఆలోచించను కూడా లేదు. "మూసేయ్ అన్నా" అన్నా.

కారు ఇంటికొచ్చాక మా పెదనాన్న చుట్టూ తిరిగి చూశారు. సీటు నొక్కి చూశారు. బాగుందన్నారు. బానెట్ ఎత్తి ఒక్క మాటే అడిగారు: "మైకు చిల్లేదిరా?"

అప్పుడు తెలిసింది. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఎక్కడ అన్నం పెడుతున్నారో, ఎక్కడ మందులు ఇస్తున్నారో జనానికి చెప్పాలంటే మైకు కావాలి, మైకుకి కరెంటు కావాలి. ఉన్న దిక్కు కారు బ్యాటరీ ఒక్కటే. తాతయ్య ఆ రేకుకి చిల్లు పొడిచి, బ్యాటరీ దగ్గర్నుంచి వైరు లోపలికి లాగి, ముందు సీటు కింద యాంప్లిఫయర్, పైన క్యారియర్ మీద రెండు హారన్లు కట్టారట. రోడ్డు ఉన్నంత మేర అలా తిరిగారట.

ఇక్కడ కొంచెం ఇంజినీరింగ్ మాట్లాడుకుందాం. 12 వోల్టుల మీద 40 వాట్ల యాంప్లిఫయర్ గట్టిగా పనిచేస్తే ఐదారు ఆంపియర్లు లాగుతుంది. అందుకే తాళంచెవి వైపు సన్న వైర్ల నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోవాలి. ఇంకో సమస్య డైనమో. నడకంత వేగంతో బండి పోతుంటే అది సరిగ్గా ఛార్జి చేయదు. మైకు బండి తిరిగేదేమో ఆ వేగంతోనే! అందుకే డిక్కీలో ఇంకో బ్యాటరీ ఎప్పుడూ ఉండేదట. మరి హారనే ఎందుకు? బేస్ ఉండదు, పాటకి పనికిరాదు. కానీ మనిషి గొంతుని కొద్ది వాట్లతోనే చాలా దూరం తీసుకెళ్తుంది.

తర్వాత ఎన్నికల్లో కూడా అదే చిల్లు, అదే వైరు. ఏ పార్టీకి పెదనాన్నా అంటే, "పెట్రోలు ఎవరు కొట్టిస్తే వాళ్ళకి" అని నవ్వారు.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వద్దాం. మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన పాత బండి ఏది? చైతన్య రథం. 1940 మోడల్ షెవర్లే వ్యాన్, నంబరు ఏబీఆర్ 7999. దాన్ని తయారు చేయించుకున్న ఎన్టీఆర్ ఈ నేల మనిషే. పుట్టింది పామర్రు దగ్గర నిమ్మకూరులో. ఉప్పెనప్పుడు అక్కినేనితో కలిసి జోలె పట్టి విరాళాలు అడిగారు. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించారు, 1983 జనవరి 5న ఎన్నికలు. ఆ ప్రచారంలో ఆయనకి ఇల్లు ఆ వ్యానే. స్టీరింగ్ దగ్గర కొడుకు హరికృష్ణ. ఆ ఎన్నికల్లో ఆయన గెలిచిన సీట్లలో మన గుడివాడ ఒకటి.

బండి దృష్టితో చూడండి. నలభై ఏళ్ళు దాటిన వ్యాన్. ఆ కాలం షెవర్లేలు 6 వోల్టులవి. అంత వాట్‌కి రెట్టింపు కరెంటు కావాలి. అలాంటి దాంట్లో మైకు, లైట్లు పెట్టాలంటే కరెంటు సంగతి మొదటి నుంచి ఆలోచించాలి. లోపల ఒక మనిషి బతకడానికి వీలుండాలి, పైకప్పు మీదకెక్కి మాట్లాడటానికి వీలుండాలి. కంపెనీ ఇచ్చినట్టు ఉంచితే ఇవేవీ కుదరవు.

ఇప్పుడు 2021 కేంద్ర నిబంధన చూడండి. 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్, నంబర్లో 'వీఏ' అక్షరాలు. నిబంధన తప్పని నేననను. దొంగ వింటేజ్‌లని ఆపాలిగా. కానీ అదొక్కటే కొలబద్ద అనుకుంటే, చైతన్య రథాన్ని కంపెనీ రూపానికి తెచ్చి, మైకు పీకేసి, పైకప్పు మామూలుగా చేసేస్తే ఏం మిగులుతుంది? ఒక పాత షెవర్లే. అలాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి.

నేను చేసింది సరిగ్గా అదే. కారు ఆడియో అంటే లోపల కూర్చున్నవాళ్ళు పాటలు వినడం అనుకున్నా. తాతయ్య కారులో కనీసం రేడియో కూడా లేదు. ఉన్న ఆడియో అంతా బయట జనానికే. మన దగ్గర కారు ఆడియో చరిత్రలో సగం కారు పైకప్పు మీదే ఉంది. బ్యాకప్ తీసుకోకుండా హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టినట్టు దాన్ని నేను తుడిచేశా.

మళ్ళీ చిల్లు పొడిపిస్తానని పెదనాన్నతో అన్నా. "వద్దులేరా. ఇప్పుడు పొడిస్తే అది నీ చిల్లు. మీ తాతది కాదు" అన్నారు. ఆ వెల్డింగ్ మచ్చ మీద రంగు వేయించలేదు. అలాగే ఉంచేశా.

కాబట్టి మీ ఇంట్లో పాత బండి ఉంటే ఒక్క నట్టు విప్పే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. తీసిన ప్రతి ముక్కకీ చీటీ కట్టి ఒక డబ్బాలో దాచండి. కంపెనీది కాని చిల్లు, వైరు, స్విచ్చి ఏది కనబడినా, మెకానిక్‌కి జవాబు చెప్పే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు ఉండగానే అడగండి.

మళ్ళీ కలుద్దాం. ఉంటాను.