గోడ సున్నం నుంచి వాతావరణ చట్టం దాకా: కాలిఫోర్నియా కథ

పండక్కి గోడకి వేసిన తడి సున్నం ఎందుకు గట్టిపడుతుంది? గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది కాబట్టి. కాలిఫోర్నియాలోని ట్రేసీలో 2023 నవంబర్‌లో హెయిర్‌లూమ్ కంపెనీ తెరిచిన ప్లాంట్‌లో జరిగేదీ ఇదే. రాయిని కరెంటు బట్టీలో కాల్చి గ్యాస్‌ని వేరు చేస్తారు. మిగిలిన సున్నాన్ని ట్రేలలో పరిచి మళ్ళీ గాలికి పెడతారు. వచ్చిన గ్యాస్ కాంక్రీట్‌లోకి పోతుంది.

మరి ప్రభుత్వానికి దీంతో పనేంటి? 2006 నాటి ఏబీ 32 చట్టం ఉద్గారాలు తగ్గించమంది, అంతే. 2022లో ఏబీ 1279 ఇంకో మెట్టు ఎక్కింది. 2045కల్లా 1990 స్థాయి మీద కనీసం 85 శాతం కోత పెట్టాలి, మిగిలినదానికి సరిపడా గాలిలోంచి తీసెయ్యాలి. 1990 లెక్క 43.1 కోట్ల టన్నులు. అందులో 15 శాతం అంటే దాదాపు 6.5 కోట్లు. ట్రేసీ ప్లాంట్ కెపాసిటీ ఏడాదికి వెయ్యి టన్నులు. అంటే అలాంటివి 65 వేలు కావాలి! (అడవులు, నేలలు కొంత మోస్తాయనుకోండి.)

నాకు నచ్చింది మాత్రం అదే ఏడాది వచ్చిన ఎస్‌బీ 1314. పట్టిన గ్యాస్‌ని బావుల్లోకి కొట్టి ఇంకా చమురు తోడటాన్ని అది నిషేధించింది. ఎందుకంటే అమెరికాలో పట్టిన గ్యాస్‌ని పెద్ద ఎత్తున భూమిలోకి పంపడం మొదలైందే ఆ పనికి, 1972లో, టెక్సస్‌లో.