పాత బైబిలులో మగ్గం మాటలు

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో తరతరాలుగా ఉన్న పాత అనువాదం బైబిలును ఇప్పటి పిల్లల చేతికిచ్చి చదవమంటే నాలుగు వాక్యాలకే తడబడతారు. ‘సెలవిచ్చెను’, ‘ఏలయనగా’ లాంటి మాటలు వాళ్ళ చెవిన పడేది ప్రార్థన మందిరంలో మాత్రమే. కానీ అదే పుస్తకంలో కొన్ని చోట్లు పట్నంలో చదువుకున్నవాళ్ళకంటే కోనసీమలో అమలాపురం పక్కనున్న బండారులంక నేతగాళ్ళకు తేలిగ్గా అర్థమవుతాయి. మనిషి రోజులు ఎంత వేగంగా గడిచిపోతాయో చెప్పడానికి యోబు గ్రంథం ఏడో అధ్యాయం మగ్గంలో దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెను చూపిస్తుంది. బట్టకు పట్టిన తెగులును గురించి లేవీయకాండం పదమూడో అధ్యాయం నిలువు దారాల పడుగు వేరుగా, అడ్డ దారాల పేక వేరుగా చెబుతుంది. గొల్యాతు ఈటె కర్ర లావును సమూయేలు మొదటి గ్రంథం నేతగాడి దోనెతో, అంటే మగ్గం దూలంతో పోలుస్తుంది. నిఘంటువు చూస్తే తప్ప తెలియని ఈ మాటలు చేనేతకు పేరున్న బండారులంకలో రోజూ వినబడేవే.

కాలం చెల్లినట్టు కనిపించే ఈ భాష ఒక్కరి చేతిలో, ఒక్క రోజులో తయారైంది కాదు. దాని వెనక దాదాపు రెండు వందల ఏళ్ళ శ్రమ ఉంది.

మొదట పూనుకున్నవాడు జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్. తరంగంబాడికి వచ్చి, తర్వాత మద్రాసు చేరి, 1732 నాటికి బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చు కాలేదు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక 1746, 1747 సంవత్సరాల్లో హాలె పట్టణంలో చిన్న చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలుగా వాటినే చెబుతారు. అసలు అనువాదం మాత్రం రాతప్రతిగానే మిగిలిపోయింది.

తర్వాతి కథ విశాఖపట్నంలో సాగింది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ 1805లో అక్కడికి చేరారు. తరంగంబాడిలో క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళకు తోడయ్యాడు. క్రాన్ 1809లో, డె గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు మొదలుపెట్టిన పనిలో మూడు సువార్తలు మాత్రం బెంగాల్‌లోని సేరంపూర్‌లో విలియం కేరీ ముద్రణాలయం నుంచి బయటికొచ్చాయి. అదే ముద్రణాలయం 1812 మార్చిలో తగలబడి, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. అయినా కేరీ బృందం తెలుగు కొత్త నిబంధనను 1818లో అచ్చువేసింది. దాదాపు అదే సమయంలో విశాఖ మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన మరో అనువాదం మద్రాసులో వెలువడింది. ఆ తర్వాత జాన్ హే, జాన్ వార్డ్‌లా విశాఖలోనే ఉండి పాత అనువాదాలను దిద్దారు. హే ఈ పనికి కొన్ని దశాబ్దాలు ధారపోశాడు. ఆ పైన కూడా సవరణలు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళ దాకా సాగాయి.

ఈ మిషనరీలెవరూ ఒంటరిగా రాయలేదు. పక్కన పండితులు, మునిషీలు ఉండేవారు. ఆ రోజుల్లో పండితులు మెచ్చే రాత అంటే గ్రాంథికమే. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. బడిలో మెచ్చుకునే తెలుగు అదే. అందుకే బైబిలు క్రియలకు పండితుల తీరు వచ్చింది. కానీ మగ్గానికి, పొలానికి, వంటింటికి గ్రాంథికంలో వేరే మాటలు పెద్దగా లేవు. అక్కడ ఊళ్ళో వాడే మాటే పెట్టాల్సి వచ్చింది. దీపాన్ని దేని కింద దాచకూడదో చెప్పేచోట ఇంగ్లీషు అనువాదకులు తమ కొలపాత్ర బుషెల్‌ను పెట్టుకుంటే, మనవాళ్ళు కుంచాన్ని పెట్టారు. కోనసీమలో ధాన్యం కొలిచిన తరానికి కుంచం అంటే ఎవరూ వివరించక్కర్లేదు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక కుంచం అటకెక్కింది, దాంతో మాటా పాతబడింది. మగ్గం ఆడుతూనే ఉంది గనుక పడుగు, పేక, నాడె పాతబడలేదు. పని నిలిచినచోట దాని మాటా నిలుస్తుంది.

ఇంగ్లీషు బైబిలు చరిత్ర ఇందుకు కొంత భిన్నం. జేమ్స్ రాజు పిలిపించిన 1604 నాటి సభలో మొదలైన పని 1611లో గ్రంథంగా వచ్చింది. అందులో, ముఖ్యంగా కొత్త నిబంధనలో, చాలా భాగం అంతకుముందటి అనువాదకుడు టిండేల్ 1526 నాటి వాక్యాల మీదే నిలబడింది. అంటే పుట్టేనాటికే దాని భాష కొంత పాతది. కాలం గడిచాక అందులో కొన్ని మాటల అర్థమే తిరగబడింది. ‘ప్రివెంట్’ అంటే అప్పుడు ముందుగా వెళ్ళడం, ఇప్పుడు అడ్డుకోవడం. ‘సఫర్’ అంటే అప్పుడు అనుమతించడం కూడా, ఇప్పుడు బాధపడటం. చదివేవాడు తెలిసిన మాటే కదా అనుకుని తప్పు అర్థం తీసుకుంటాడు. 1881లో కొత్త నిబంధనకు, 1885లో పాత నిబంధనకు సవరించిన ప్రతులు రావడానికి ఇదీ ఒక కారణం.

మనకు ఎదురయ్యే చిక్కు వేరు. గ్రీకులో ఒకే సర్వనామం ఉన్నచోట తెలుగు అనువాదకుడు ఆయన, అతడు, వాడు అని మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. పాత అనువాదంలో యేసుకు ‘ఆయన’ దక్కింది. సేవకుడికి, రోగికి, బిచ్చగాడికి తరచు ‘వాడు’ మిగిలింది. మూలంలో లేని ఎక్కువ తక్కువలు ఆ నాటి సమాజం నుంచి వచ్చి చేరాయి. మాట మాటకూ ‘అండీ’ అని మర్యాద ఇచ్చే కోనసీమలో, అట్టడుగు జనం ఆశతో పట్టుకున్న గ్రంథంలో ఈ ‘వాడు’ నొప్పించే మాటే. దీన్ని మార్చడం న్యాయం.

అయినా పాత భాష ఎందుకంత గట్టిగా నిలిచిందో ఇక్కడి చరిత్రే చెబుతుంది. గోదావరి డెల్టాలో బ్రదరన్ మిషన్ పని 1836లో మొదలైంది. ఇంగ్లండ్‌లోని డెవన్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం కేంద్రంగా పనిచేశారు. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట కూలీల మధ్యా బౌడెన్ సువార్త ప్రకటించాడు. చదువు రానివాళ్ళు బైబిలు వాక్యాలను విని, కంఠస్థం చేసి నిలుపుకున్నారు. అందుకే గిడుగు రామమూర్తి వ్యావహారిక ఉద్యమం నడిపి, పత్రికలూ పాఠ్యపుస్తకాలూ మెల్లగా మారిపోయినా, బైబిలు చాలాకాలం గ్రాంథికంలోనే ఉండిపోయింది. గ్రాంథికం పక్షాన గట్టిగా నిలిచిన జయంతి రామయ్య పంతులుది కోనసీమలోని ముక్తేశ్వరమే. పండితుల పట్టుదలకంటే కూడా బైబిలులో పాత భాషను నిలబెట్టింది నోటికొచ్చిన వాక్యాన్ని వదులుకోలేని మామూలు విశ్వాసులు. ఇప్పుడు సమకాలీన తెలుగు అనువాదాలు ఉన్నా, చాలా సంఘాల్లో పీఠం మీద పాతదే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటి? ‘సెలవిచ్చెను’ పోయి ‘చెప్పాడు’, ‘అన్నాడు’ వస్తే నష్టమేమీ లేదు. ‘వాడు’ తప్పక పోవాలి. కానీ పిల్లలకు తెలియదని నాడెను తీసేసి ‘యంత్రం’ అనో ‘పరికరం’ అనో రాస్తే అది సులభం చేయడం కాదు, చిత్రాన్ని చెరపడం. యోబు వాక్యం చివర ఆశ అనే అర్థంతో వాడిన హీబ్రూ మాటకు దారం అనే అర్థమూ ఉంది. నాడె లోపలి కండెలో దారం అయిపోతే నాడె ఎంత ఆడినా నేత సాగదు. ఆ బాధ నేతగాడికి చెప్పకుండానే తెలుస్తుంది. నాడెను తీసేస్తే ఆ అర్థానికి దారి మూసుకుపోతుంది.

అనువాద సంస్థలకు, సంఘ పెద్దలకు ఒక విన్నపం. కొత్త ముద్రణ వేసేటప్పుడు చివర నాలుగు పేజీలు పాత పనిముట్ల మాటలకు కేటాయించండి. నాడె, దోనె, పడుగు, పేక, కుంచం ఎలా ఉంటాయో బొమ్మలతో చూపండి. ఆ పేజీలు రాసేముందు బండారులంక లాంటి ఊళ్ళకు వెళ్ళి, మగ్గం నేసేవాళ్ళను అడిగి రాయండి. ఆ మాటల అర్థాన్ని వాళ్ళకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు.