ఆశ్రయమిచ్చిన విద్యాపీఠములు

మనము తిన్న ఆహారమునుండి జీవకణము శక్తిని పొందు క్రమములో సిట్రిక్ ఆమ్ల చక్రము ముఖ్యమైన ఘట్టము. జీవశాస్త్ర విద్యార్థులు దీనిని క్రెబ్స్ చక్రమనియు పిలుతురు. 1937లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయమున దీనిని వివరించిన హాన్స్ క్రెబ్స్ పుట్టుకచే ఆంగ్లేయుడు కాడు. స్వదేశమున ఉద్యోగము పోగొట్టుకొని వచ్చిన జర్మను శాస్త్రజ్ఞుడు.

1933 జనవరి 30వ తేదీన హిట్లరు జర్మనీకి చాన్సలరయ్యెను. ఏప్రిలు 7వ తేదీన ప్రభుత్వోద్యోగములను గూర్చి ఒక శాసనము వెలువడెను. అక్కడి విశ్వవిద్యాలయములలోని ఆచార్యులు ప్రభుత్వోద్యోగులే. కావున యూదులను, నాజీల విరోధులను తొలగించుటకు ఆ శాసనము చాలెను. క్రెబ్స్ అంతకు ముందటి ఏడే ఫ్రైబర్గులో, కాలేయమున యూరియా ఏర్పడు విధమును కనుగొనియుండెను. ఆ కీర్తి ఆయనను కాపాడలేదు. గొటింగెన్‌లో భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్ బోర్న్‌ను, గణితశాస్త్రజ్ఞురాలు ఎమ్మీ నోథర్‌ను తొలగించిరి. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడినవాడగుటచే జేమ్స్ ఫ్రాంక్‌కు మినహాయింపు కలదు. అయినను ఆయన నిరసనగా రాజీనామా ఇచ్చెను.

లండన్ ఆర్థికశాస్త్ర విద్యాలయాధిపతి విలియం బెవరిజ్ వియన్నాలో ఉండగా ఈ వార్తలను పత్రికలో చదివెను. ఆయన పూనికతో 1933 మే నెలలో విద్వాంసుల సహాయ మండలి ఏర్పడెను. పరమాణు పరిశోధకుడు రూథర్‌ఫర్డ్ దానికి అధ్యక్షుడు. రాయల్ సొసైటీ తన భవనములో చోటిచ్చెను. బెవరిజ్ విద్యాలయమునందలి అధ్యాపకులు తమ జీతములనుండి కొంత భాగము నిచ్చిరి. సంసారులకు ఏటికి 250 పౌనులు, ఒంటరివారికి 182 పౌనులు భృతిగా నిర్ణయింపబడెను.

ఇందొక చిక్కు కలదు. అది ఆర్థిక మాంద్యము సాగుచున్న కాలము. ఆ దేశపు పట్టభద్రులకే ఉద్యోగములు కరవు. వచ్చినవారు తమ పిల్లల కూడు లాగుకొందురన్న మాట రాకుండవలెను. అందుచే మండలి విరాళములు ప్రోగుచేసి భృతి నిచ్చెను. విశ్వవిద్యాలయములు ప్రయోగశాలను, గ్రంథాలయమును, పని వాతావరణమును సమకూర్చెను.

కేంబ్రిడ్జిలో జీవరసాయన శాఖాధిపతియైన హాప్కిన్స్ క్రెబ్స్‌ను తన ప్రయోగశాలకు పిలిచెను. రాక్‌ఫెల్లర్ సంస్థ ధనసహాయము చేసెను. 1935లో క్రెబ్స్ షెఫీల్డ్ చేరెను. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. నోథర్‌కు అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాల చోటిచ్చెను. కాని 1935లోనే ఆమె మరణించెను. 1933లో పునర్నిర్మింపబడిన ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయము పెక్కుమంది జర్మను ఆచార్యులను ఆహ్వానించెను.

మన దేశమునకును ఈ కథలో పాత్ర కలదు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు అధిపతిగానున్న సి. వి. రామన్ మాక్స్ బోర్న్‌ను ఆహ్వానించెను. బోర్న్ 1935-36లో కొన్ని నెలలు అక్కడ బోధించెను. ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి నిప్పింపవలెనని రామన్ చేసిన యత్నము ఫలింపలేదు. 1936లో ఎడింబరో విశ్వవిద్యాలయము ఆయనకు పీఠమిచ్చెను. 1954లో ఆయనయు నోబెల్ బహుమతి పొందెను.

అయితే బహుమతులను మాత్రమే లెక్కించినచో ఈ చరిత్ర సగమే తెలియును. కీర్తిగన్నవారిని ఆహ్వానించుట సులభము. పేరు ఇంకను వెలుగులోనికి రాని యువ పరిశోధకునికి తలుపు తెరచుటయే కష్టము. ఎవరినుండి ఏ ఫలము వచ్చునో ముందుగా ఎవరెరుగుదురు? మండలి తొలి ప్రకటనలో బాధానివారణమును, విద్యా విజ్ఞానముల రక్షణమును జంటగా పేర్కొనుటలో గల అర్థమిదియే. ఆ సంస్థ పేరు మార్చుకొని నేటికిని పనిచేయుచున్నది.

1965లో, ఇంగ్లండున ఆశ్రయము పొందినవారు కృతజ్ఞతగా ఒక నిధిని ప్రోగుచేసి, పరిశోధనలకై బ్రిటిష్ అకాడమీకి సమర్పించిరి. వారి పక్షమున దానిని అందజేసినవాడు హాన్స్ క్రెబ్స్.