న్యాయగ్రంథపాలకుల సంఘము – దాని ముందుచూపు

న్యాయస్థానమునకు పోయినవారెల్లరును న్యాయాధిపతిని చూచియుందురు, వకీలును చూచియుందురు. ఆ వకీలు చేతనున్న తీర్పుల సంపుటము ఏ బీరువానుండి వచ్చినదో, దానిని ఎవరు వెదకి తీసిరో ఆలోచించువారు అరుదు. అట్టి గ్రంథములను కాపాడువారు అమెరికాలో ఒక సంఘముగా కూడి, తమ రాబోవుకాలమును గూర్చి ఏమేమి సంకల్పించిరో, అందేవి పండెనో, ఏవి చిరకాలము కాయగానే యుండిపోయెనో నేడు మీకు మనవి చేయ దలచితిని.

ఇంగ్లీషు న్యాయపద్ధతిలో నిన్నటి తీర్పు నేటి వ్యాజ్యమునకు ప్రమాణము. 1875వ సంవత్సరపు చట్టము ననుసరించి మన దేశమున లా రిపోర్టులు వెలువడుట మొదలైనప్పటినుండి మన ప్లీడర్లకును ఈ సంగతి బాగుగా తెలియును. అమెరికాలోనో, ప్రతి రాష్ట్రమునకును వేరువేరు న్యాయస్థానములు, వేరువేరు తీర్పులు, వేరువేరు శాసనములు. పంతొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి అచ్చట అచ్చయిన తీర్పుల సంపుటములు గుట్టలై పెరిగినవి. గ్రంథము లేక నష్టపోవుట ఒకటి. ఉండియు కానరాక నష్టపోవుట మరియొకటి. రెండవదియే యెక్కువ బాధాకరమని నా తలంపు.

1906వ సంవత్సరము జూలై 2వ తేదీన రోడ్ ఐలండు రాష్ట్రములోని నారగన్సెట్ పియరను సముద్రతీరపు ఊరిలో, అమెరికా గ్రంథాలయ మహాసభ జరుగుచున్న సందర్భమున, ఇరువది నలుగురు వేరుగా కూడి అమెరికా న్యాయగ్రంథాలయ సంఘమును స్థాపించిరి. అయోవా రాష్ట్రపు న్యాయగ్రంథపాలకుడు ఏ. జె. స్మాల్ దానికి మొదటి అధ్యక్షుడు. మన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము బెజవాడలో వెలసినది 1914లో. కావున వారిది ఎనిమిదేండ్లు పెద్దది. పోలిక అంతటితో సరి. మనవారి సంకల్పము ఊరూరను చదువరులను కలిగించుట. వారికి చదువరుల కొరత లేదు; చదువరికి వలసిన పుటను చూపు సాధనమే కొరవడినది.

కావున వారి మొదటి ప్రణాళిక ఒక్క మాటలో చెప్పవచ్చును: సూచిక. న్యాయపత్రికలలోని వ్యాసములకు లెనార్డ్ జోన్సు అను నతడు 1888లో ఒకటి, 1899లో ఒకటి సూచికాసంపుటములను ప్రకటించి యుండెను. అటుపిమ్మట వచ్చిన వ్యాసములను వెదకుటెట్లు? సంఘము పుట్టి రెండేండ్లయినను నిండక మునుపే, 1908 జనవరిలో, న్యాయపత్రికల సూచికను, దానితోబాటు తమ సంఘపత్రికను వెలువరించిరి. చేతిలో ధనము లేదు, కార్యాలయము లేదు. సభ్యులు తమ ఉద్యోగములు చేసికొనుచునే ఈ భారమును మోసిరి. ఆ సూచిక 1961లో విల్సన్ ప్రచురణ సంస్థ చేతికి పోవువరకును, అనగా అర్ధశతాబ్దికి పైగా, సంఘము పేరనే నడచినది. చిన్న సంఘము ఒక్క పనిని గట్టిగా పట్టుకొనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నేనెరుగను.

రెండవ ప్రణాళిక కథ వేరు. 1930వ దశకారంభమున డ్యూక్ విశ్వవిద్యాలయపు న్యాయగ్రంథపాలకుడు విలియం రోల్ఫ్ ఒక విస్తరణ ప్రణాళికను సంఘము ముందుంచెను. వ్యక్తులేగాక గ్రంథాలయములే సభ్యత్వము పొంది తమ సిబ్బందికొరకు చందా చెల్లింపవలెను, ప్రాంతీయ శాఖలుండవలెను, జీతముగల కార్యదర్శితో స్థిరమైన కార్యస్థానము ఏర్పడవలెను. అది గొప్ప ఆర్థికమాంద్యపు కాలము. ఉన్న చందాలే రాని దినములలో కొత్త చందాలను గూర్చి మాటలాడుటకు గుండె దిటవు కావలెను. అయినను సంస్థాసభ్యత్వము అమలులోనికి వచ్చినది. 1935లో సంఘము చట్టప్రకారము నమోదైనది. ఆ యేటనే రోల్ఫ్ అధ్యక్షుడయ్యెను. కాని కార్యస్థానపు మాట? అది 1960వ దశకమున గాని షికాగో నగరమున రూపు దాల్చలేదు. అందాక ఒకరి బల్లమీది కాగితములు మరియొకరి బల్లమీదికి పోవుచు సంఘము నడచినది. ఇంత ఆలస్యమైనది గనుక రోల్ఫ్ ప్రణాళిక విఫలమని కొందరు తలంపవచ్చును. నేను ఒప్పుకొనను. డబ్బు వచ్చు దారిని ముందు చూపి, ఇంటిని వెనుక కోరిన ప్రణాళిక అది; ఆ దారి నిలిచినది గనుకనే ఇల్లు వచ్చినది.

తరువాతి కాలమున సంఘము కొన్నియేండ్లకొక ప్రణాళికను వ్రాయుట ఆచారమైనది. 2005 నుండి 2010 వరకు ఏర్పరచుకొన్న దానిలో నాయకత్వము, విద్య, ప్రజాపక్షమున వాదించుట అనునవి మూడు లక్ష్యములు. ఇట్టి మాటలు ఏ సంఘపు కాగితములలోనైనను దొరకును. వానిని చదువునప్పుడు నాకు నిద్ర వచ్చును. అయితే మూడవదాని కింద జరిగిన ఒక పనిని మాత్రము విడువరాదు. ప్రభుత్వములు శాసనములను అచ్చువేయుట మాని కంప్యూటరు తెరమీద ఉంచుట మొదలిడెను. తెరమీది అక్షరమును ఎవరైన మార్చినచో కనుగొనుటెట్లు? 2007లో సంఘము రాష్ట్రము రాష్ట్రముగా పరిశీలించి ఒక నివేదికను ప్రకటించినది. తెరమీది పాఠమే అధికారపాఠమని చెప్పుకొను రాష్ట్రములు సైతము అది నిజమైన పాఠమేయని ఋజువుపరచు ఏర్పాటు చేయలేదని అందు తేలినది. ఆ వెలుగులో 2011లో ఏకరూపశాసన సంఘమువారు ఒక నమూనా చట్టమును ఆమోదించిరి. 2012లో కొలరాడో రాష్ట్రము దానిని మొదట చట్టముగా చేసినది. వెనుక బీరువాకు తాళము వేసినవారే ఇప్పుడు తెరకు తాళమడిగిరన్నమాట.

ఇక పేరు. న్యాయవాదుల కార్యాలయములలో పుస్తకపు గదులు చిన్నవగుచుండగా, గ్రంథాలయమను మాట తమ వృత్తికి చాలదని కార్యవర్గము భావించి, న్యాయవిజ్ఞాన సంఘమని అర్థమిచ్చు కొత్త పేరును 2015లో ప్రతిపాదించెను. 2016 ఆరంభమున సభ్యుల ఓటు అడిగిరి. ఓటు వేసినవారిలో ఐదింట నాలుగు వంతులవరకు వలదనిరి. కార్యవర్గము చెప్పిన కారణములు తేలికైనవి కావు. అయినను సభ్యులు తాము చేయు పనిని గుర్తింపదగిన పేరును వదులుకొన నిచ్చగింపలేదు. స్మాల్ ప్రభృతులు సముద్రతీరమున పెట్టిన పేరే నిలిచినది.