అనుమతించిన వేదిక, ఆక్రమించిన వేదిక: ఉత్తరాంధ్ర సామాజిక ప్రదర్శనకళలో విద్యావంతుల గళం

కళాశాల ప్రాంగణంలో విద్యార్థులు స్వీయరచనలను స్వేచ్ఛగా వినిపించే ‘ఓపెన్ మైక్’ పేరుకు కొత్తది. సమాజాన్ని ప్రశ్నించే రచనను విద్యావంతులు జనం ఎదుట ప్రదర్శించే సంప్రదాయం మాత్రం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో శతాబ్దం దాటినది. ఆ వేదికను ఎవరు సమకూర్చారు అన్న దృష్టితో ఆ సంప్రదాయాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ‘కన్యాశుల్కం’ ప్రదర్శించారు. రచయిత గురజాడ అప్పారావు స్థానిక మహారాజా కళాశాలలో చదివి, అక్కడే అధ్యాపకులైనవారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాలను ఆనంద గజపతి లెక్కకట్టించగా 1,034 తేలాయని గురజాడ పీఠికలో పేర్కొన్నారు. 1897 నాటి ముద్రణ ఆ ప్రభువుకే అంకితం. ఇక్కడ దురాచార విమర్శకు సంస్థానమే అండ. కనుక అది అనుమతించిన వేదిక.

నరసన్నపేట ప్రాంతంలో 1893లో జన్మించిన గరిమెళ్ల సత్యనారాయణకు అటువంటి అండ లేదు. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ, సహాయనిరాకరణ పిలుపునందుకొని చదువు విడిచిపెట్టారు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ గేయం వీధుల్లో మారుమోగింది. పల్లవి సులువైనది కావడంతో శ్రోతలే వంతపాటగాళ్లయ్యారు. ప్రభుత్వం రచయితను 1922లో జైలుకు పంపింది. విడుదలయ్యాక ఆయన పాట మానలేదు, మళ్లీ శిక్ష తప్పలేదు. అచ్చుప్రతిని స్వాధీనం చేసుకోవచ్చు గాని, జనం నోట నిలిచిన పాటను స్వాధీనం చేసుకోవడం పాలకులకు సాధ్యపడలేదు.

అర్ధశతాబ్దం గడవకముందే ఉద్దానంలోని బొడ్డపాడులో, ఆలయ అర్చకులైన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రైతాంగ పోరాటానికి వాహికగా మలిచారు. పల్లె తరతరాలుగా ఎరిగిన వాద్యం, ఎరిగిన కథనరీతి కావడంవల్ల కొత్త భావం శ్రోతకు పరాయిది కాలేదు. 1969లో ఆయన హతులయ్యారు.

సంస్థ ఇచ్చే వేదిక యువగళానికి రక్షణనిస్తుంది, హద్దును కూడా నిర్ణయిస్తుంది. ప్రాంగణం దాటాక ఇతరుల నోట పలకగలగడమే సామాజిక గేయానికి గీటురాయి అని గరిమెళ్ల, పాణిగ్రాహి ఉదాహరణలు నిరూపిస్తున్నాయి. అయితే వారి పాఠాలు మిగిలినంతగా బాణీలు, శ్రోతల స్పందన మిగలలేదు. నేటి విద్యార్థుల ప్రదర్శనలను తేదీ, బాణీ, సందర్భంతో సహా తెలుగు శాఖలు భద్రపరిస్తే రేపటి చరిత్రకారునికి ఆ లోటు ఉండదు.