ఏడుకు ఆరు

దగ్గరికి జరగుర్రి బిడ్డా, మంట ఎగదోసిన. చలి ఇయ్యాల జోరుగనే ఉంది. పాత ముచ్చట చెప్పమంటిరి గద, ఇనుర్రి.

మీరు సూర్యాపేటల కారెక్కి బెజవాడకు పూట తిరగకముందే పోతరు. గరికపాడు కాడ రాష్ట్రం మారిందని బోర్డు చూస్తె తెలుస్తది గని, జేబుల పైసలు మారవు. నా చిన్ననాడు ఇదే బాటన బెజవాడ చేరేసరికి రాజ్యం అయిదు మాట్ల మారేది. సూర్యాపేట నిజాం సర్కారుది. జర ముంగటికి పోతె మునగాల ఇంగ్లీషోళ్ళది. చుట్టూ నిజాం ఊర్లే అయినా ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లాల, మద్రాసు సర్కారు కింద ఉండేది. మునగాల దాటి కోదాడకొస్తె మళ్ళ నిజాం. పాలేరు దాటి జగ్గయ్యపేటల కాలు పెడితె ఇంగ్లీషు రాజ్యం. నందిగామ, కంచికచర్ల పోయినంక పరిటాల వస్తది చూడు, అది నిజాంది. వజ్రాలు దొరికే గడ్డ గనుక నిజాం దాన్ని ఇడువలేదని పెద్దలు చెప్పేటోళ్ళు. పరిటాల పొలిమేర దాటితె మళ్ళ ఇంగ్లీషోళ్ళు. అన్నూర్లల్ల మాట్లాడేది మన తెలుగే, తినేది మన జొన్నరొట్టె, వరన్నమే. మారేది పోలీసోని టోపీ, టప్పా బిళ్ళ, చేతిల రూపాయి.

నిజాం రూపాయిని హాలీ అనేటోళ్ళు, ఇంగ్లీషు రూపాయిని కల్దారు. హాలీ మీద రాజు బొమ్మ ఉండదు, చార్మినారు ఉంటది. అప్పటి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలపు నాణెమైతె చార్మినారు దర్వాజల 'ఐన్' అనే ఉర్దూ అక్షరం కనపడేది, అది ఆయన పేరు మొదటి అక్షరం. కల్దారు మీద ఇంగ్లండు రాజు తలకాయ. కాయితం నోట్లు హాలీల 1918 నుంచే ఉన్నయి, వాటి మీద ఉర్దూతోని పాటు తెలుగు, మరాఠీ, కన్నడం గూడ రాసి ఉండేది. రెండు రూపాయిలకూ పదహారణాలే, అణాకు పన్నెండు పైలే. కాని ఇలువ ఒక్కటి కాదు. పాత వెండి నాణేలల్ల హాలీల వెండి తక్కువ, కల్దార్ల ఎక్కువ. అందుకనే ఏడు హాలీలిస్తె ఆరు కల్దార్లు. సర్కారు కట్టిన లెక్కల నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ.

మా అమ్మ పుట్టిల్లు నందిగామ దిక్కు, మెట్టినిల్లు సూర్యాపేట దిక్కు. పెండ్లి సంబంధాలకు సరిహద్దు అడ్డం కాకపోయేది. అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా కొంగుకు రెండు ముళ్ళు వేసుకొనేది, కుడి కొసకు హాలీ, ఎడమ కొసకు కల్దారు. చీకట్ల గూడ ముడి మీద చెయ్యేసి ఏది ఏందో చెప్పేది. లెక్క నాకు చింతగింజలతోని నేర్పింది. గింజలు ఏడేడు కుప్పలుగ పెట్టాలె. ఒక్కొక్క కుప్పల నుంచి ఒక్క గింజ తీసి పక్కకు పెట్టాలె. కుప్పలల్ల మిగిలింది ఎంతో, నీ హాలీకి అన్ని కల్దార్లు. తిరిగొచ్చేటప్పుడు ఆరారు కుప్పలు పెట్టి ఒక్కొక్కటి కలపాలె. రూపాయికైనా అణాకైనా ఇదే తీరు. కల్దారు పావలా అంటె హాలీల నాలుగణాల ఎనిమిది పైలు. ఆ లెక్క నేను నోటికి రానిదాక అమ్మ నన్ను ఎంబడి తీసుకపోలేదు.

సూర్యాపేటల మేమెక్కేది రైల్వే బస్సు. నిజాం రైల్వే వాళ్ళే 1932ల 27 బస్సులతోని ఆ పని మొదలుపెట్టిన్రు, ఇయ్యాల మీరెక్కే ఆర్టీసీకి అదే మొదలు. టికెట్టుకు హాలీ ఇచ్చేది. కోదాడ కాడ దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి. సరిహద్దు మీద కరోడ్‌గిరి నాకా. సరుకు మీద నూటికి అయిదు సుంకం. కొత్త బట్టల మూటనో, కొత్త ఇత్తడి బిందెనో చూస్తె ఆపి అడిగేటోళ్ళు. అమ్మ దాపరికం లేకుంట మూట ఇప్పి చూపించేది, సుంకం కట్టాల్సి వస్తె కట్టి రసీదు అడిగి తీసుకొని మడతపెట్టి దాచేది. "కాయితం మన చేతిల ఉంటె వచ్చేటప్పుడు మనల్ని మళ్ళ అడిగెటోడు ఉండడే" అనేది.

పాలేరు దాటినంక అసలు పని. జగ్గయ్యపేటల షరాబు కొట్లుండేవి. సర్కారు లెక్క ఏడుకు ఆరైనా షరాబు తన వట్టం తాను తీసుకుంటడు గద. దిగంగనే కనపడ్డ కొట్టుకు అమ్మ ఎన్నడు పోలేదు. రెండు మూడు కొట్ల కాడ "ఏడుకు ఎంతిస్తవు అన్నా?" అని అడిగి, మేలు చెప్పినోని తాన మార్చేది. అది గూడ మొత్తం కాదు, ఆ పయనానికి ఎంత కావాలెనో అంతే. అమ్మ ధైర్యం ఏంటిదో తెలుసునా? పోయినసారి తిరిగొచ్చేటప్పుడే ఈసారి బస్సు కిరాయికి సరిపడ కల్దారు చిల్లర మిగిలించుకొని ఇంటికి తెచ్చేది. సందుగల అడుగున దాచేది. అందుకనే షరాబు కొట్టు మూసి ఉన్నా, చీకటి పడ్డా, సరిహద్దు మీద ఎవని కాళ్ళు పట్టుకునే పని పడకపోయేది. చేతిల అవతలి చిల్లర లేనోళ్ళు ఎంతిస్తె అంతకు మార్చుకొని పోయేది నేను కండ్లార చూసిన.

అక్కడి నుంచి బొగ్గు బస్సు. అది రెండో ప్రపంచ యుద్ధం కాలం, పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసుతోని నడిపేటోళ్ళు. ఎనుక డబ్బాల బొగ్గు మండాలె, గాలి తిప్పాలె, అప్పుడు కదిలేది. అక్కడ కల్దారే చెల్లేది. నడుమ చిల్లున్న కానీలు అప్పుడే వచ్చినయి, పిల్లలం దారానికి గుచ్చుకొని మెడల వేసుకొనేటోళ్ళం. బాట మీద ఏదన్న కొనాలంటె అమ్మ ముందు ఒక్క మాట అడిగేది: "అణా అంటె ఏ అణా అన్నా, హాలీనా కల్దారా?" ధర తేలినంకనే అరటిపండు చేతిల పట్టుకునేది.

1947 చివర్ల కాలం చెడ్డది. ఇండియా రూపాయి మా రాజ్యంల చెల్లదని నిజాం సర్కారు ఫర్మానా తీసింది. నిజాం కోసం కొట్లాడే రజాకార్ల భయానికి మా దిక్కు జనం పిల్లాజెల్లను పట్టుకొని మునగాలకు, జగ్గయ్యపేటకు, బెజవాడకు పోయిన్రు. కొంగుల హాలీలే తప్ప మరోటి లేనోళ్ళు అక్కడ గింజలు కొనుక్కోవడానికి గూడ తిప్పలు పడ్డరు. మా అమ్మ సందుగ అడుగున దాచిన కల్దార్లు అప్పుడు మా ఇంటినే కాదు, ఇరుగుపొరుగు పిల్లల కడుపులు గూడ చూసినయి. ఆ దినాలు యాదికొస్తె నాకు ఇప్పటికీ గుండె బరువైతది బిడ్డా. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిండు. ఇండియా రూపాయి వచ్చింది, 1951ల హాలీ కొత్తగ ఇయ్యడం ఆపిన్రు. చెల్లుబాటు పూర్తిగ పోయేసరికి 1959 అయింది. ఆ నడుమనే 1957ల అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినయి. సంతల కూరగాయలమ్మే ఆడోళ్ళు హాలీ, అణా, నయాపైస మూడింటి లెక్కా ఒక్క నోటితోని చెప్పేటోళ్ళు. సదువుకోలేదని వాళ్ళను తక్కువ చూడొద్దు.

ఇదంతా పాతబడ్డ ముచ్చట అనుకోకుర్రి. మొన్న మీ పెదనాయిన గోరఖ్‌పూర్ కాడ బస్సెక్కి, సునౌలి గేటు నడిచి దాటి నేపాలు పోయొచ్చిండు. అక్కడ మన నూరు రూపాయలకు వాళ్ళవి నూటఅరవై. 1993 నుంచి అదే లెక్కట. ఏడుకు ఆరు కాకుంటె అయిదుకు ఎనిమిది, అంతే. అక్కడ గూడ రిక్షావాడు వంద అంటె "ఐసీనా ఎన్‌సీనా" అని, అంటె మన రూపాయా నేపాలు రూపాయా అని అడగాలెనట. మా అమ్మ అడిగిన మాటనే గద అది.

మీల ఎవరు ఏ దేశం సరిహద్దు దాటినా మూడు పనులు చేయుర్రి. మారకం లెక్క ఇంట్లనే నోటికి నేర్చుకోవాలె, ఫోన్ల చూసుకోవచ్చు అనుకోవద్దు, సరిహద్దు కాడ ఫోను పని చేస్తదో లేదో. దిగినంక మొదటి బస్సు కిరాయికి సరిపడ అవతలి చిల్లర ముందే చేతిల ఉంచుకోవాలె. ధర చెప్పినప్పుడు ఏ పైసలో అడిగినంకనే వస్తువ ముట్టుకోవాలె. పెద్ద నోటున్నోడు ఎట్లనన్న బతుకుతడు, బీదోడు మోసపోకుంట ఉండాలంటె లెక్క తెలిసి ఉండాలె. అక్షరం రాని మా అమ్మ దగ్గర ఆ లెక్క ఉండె. మీరింత సదువుకొని అది లేకుంట పోవద్దు.