శనివారం రాత్రి డెక్కు

తిరుప్పూరు చరిత్ర రాసేవాళ్లు పగటి చరిత్రే రాస్తారు. 1932 జనవరిలో చేతిలో జెండా వదలకుండానే లాఠీ దెబ్బలకు ప్రాణం విడిచిన కుమరన్, 1978లో ఇటలీ నుంచి తెల్ల టీషర్టుల కోసం వచ్చిన బేరగాడు, 1984లో కరువు భత్యం కోసం 127 రోజులు నడిచిన బనియన్ కూలీల సమ్మె, 2011లో హైకోర్టు మూయించిన అద్దకం కంపెనీలు, రంగు నీళ్లతో పారిన నొయ్యల్ నది. ఇవన్నీ రాయవలసినవే. కానీ ఒకటిన్నర షిఫ్టు చేసి, శనివారం సంబళం చేతిలో పడ్డాక, ఆ రాత్రి ఈ ఊరి జనం ఏం చేశారన్నది నేను ఎక్కడా చదవలేదు. డెక్కు బాడుగకు తెచ్చి దెయ్యాల సినిమాలు చూశారు. ఒక ఇంట్లో కాదు, వీధివీధినా చూశారు. మా కుర్రతనంలో వారమంతా ఆ రాత్రి కోసమే గడిచేది.

మేం ఎవరమో ముందు చెప్పాలి. విజయనగరం కాలం నుంచీ, ఆపై మదురై నాయకుల కాలంలోనూ తెలుగు మాట్లాడే కులాలు ఎన్నో ఈ కొంగునాడుకు దిగి వచ్చాయి. పల్లడం, ఉడుమలపేట వైపు నల్లరేగడి నేలల్లో పత్తి వేసిన కమ్మవారు, మగ్గాల దేవాంగులు, బలిజలు, ఊరి చివర వాడల్లో అరుంధతీయులు, ఆవుల మందలతో వచ్చిన కంబళత్తు నాయకులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళ అక్షరం. తెలుగు మాకు చెవికి అందే భాషేగాని కంటికి అందేది కాదు. అందుకే మా ఇళ్లలో సినిమాకు అంత విలువ. పుస్తకం మాతో మాట్లాడలేదు, సినిమా మాట్లాడింది.

సినిమా ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. తిరుచ్చి రైల్వేలో పనిచేసిన సామికణ్ణు విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టర్ కొని ఊరూరా తిప్పి, తర్వాత కోయంబత్తూరులో వెరైటీ హాల్ కట్టాడు. అదే కోయంబత్తూరులో శ్రీరాములు నాయుడు పక్షిరాజా స్టూడియో నడిపాడు. ఎం.జి.ఆర్.తో మలైక్కళ్లన్, ఎన్.టి. రామారావుతో అగ్గిరాముడు, రెండూ 1954లో ఆయన తీసినవే. అయితే అవి పెద్ద హాళ్లు, పెద్ద తారల కథలు. నేను చెప్పేది చిన్న పెట్టె సంగతి.

1982లో ఢిల్లీలో ఏషియాడ్ జరిగిన ఏడు దేశంలోకి రంగుల టీవీలూ, వాటి వెంట వీసీఆర్‌లూ వచ్చాయి. మా ఊళ్లో వీసీఆర్ అని ఎవరూ అనలేదు. డెక్కు అన్నారు. కొనే స్తోమత ఎవరికుంది? కేసెట్ల కొట్టువాడి దగ్గర ఒక రాత్రికి బాడుగకు తెచ్చుకోవాలి, దాంతోపాటు మూడో నాలుగో కేసెట్లు. తెల్లారి చెప్పిన వేళకు తిరిగి ఇవ్వాలి. లైను ఇళ్లలో ఉన్నవాళ్లు తలా కొంత వేసుకునేవాళ్లు. ఓవర్‌లాక్ కొట్టే అన్న ఎక్కువ వేస్తాడు, కటింగ్ మాస్టర్ ఇంకాస్త ఎక్కువ. టైలర్ పక్కన గుడ్డ మడిచి అందించే కైమడి పిల్లలు తమ సంబళంలోంచి ఒకటో రెండో రూపాయలు ఇచ్చి ముందు వరుసలో కూచుంటారు. టీవీ ఉన్న ఇంటి వాళ్లది టీవీ మాత్రమే, బాడుగలో వాటా ఉండదు. చాలా ఇళ్లలో అది నలుపు తెలుపు డయనోరానో, సాలిడేరో. కేసెట్లో నెత్తురు ఎర్రగా ఉన్నా మేం చూసింది నల్లటి నెత్తురే. దానివల్ల భయం తగ్గిందేమీ లేదు.

రాత్రికి ఒక వరుస ఉండేది. తొమ్మిదింటికి పెద్దవాళ్ల కోసం దేవుడి సినిమానో, శివాజీ గణేశన్ సినిమానో. అది అయ్యేసరికి అవ్వలూ, చంటిబిడ్డల తల్లులూ లేస్తారు. రెండోది రజనీకాంత్‌ది. మూడోది దెయ్యం. ఒంటిగంట దాటాక మొదలయ్యే ఆ మూడో కేసెట్ కోసమే వయసు పిల్లలు మొదటి రెండూ ఓర్చుకునేవాళ్లు. పడుకోవడానికి వెళ్లిన అవ్వలు కూడా వాకిట్లోంచి వింటూనే ఉండేవాళ్లు.

ఏం చూశామో చెబుతాను. విఠలాచార్య జగన్మోహిని, అర్జున్ నటించిన యార్, మలయాళీ దర్శకుడు బేబీ తమిళంలో తీసిన మై డియర్ లిసా, పదమూడో నెంబరు ఇల్లు. చచ్చినవాడు లేచి నడిచే నాళైయ మనిదన్, వేలు ప్రభాకరన్ 1989లో తీసింది. రామ్సే సోదరుల పురానా మందిర్, వీరానా. హిందీ ముక్క రానివాళ్లు కూడా పురానా మందిర్‌లో సామ్రీ వేషం కట్టిన పొడుగాటి అనిరుధ్ అగర్వాల్‌ను చూసి దుప్పట్లో దూరారు. వీటన్నిటి మీదా ఈవిల్ డెడ్. ఇంగ్లీషు ఎవరికీ రాదు. రావలసిన అవసరమూ లేదు. అడవిలో ఇల్లు, కింద నేలమాళిగ, తలుపు కొట్టుకుంటోంది. కొంగునాట ఎవరికి అర్థం కాదు ఆ కథ?

చవక దెయ్యాల సినిమా డెక్కుకు ఎందుకంత బాగా కుదిరిందో నాకు ఇన్నేళ్లకు తెలిసింది. దానికి పెద్ద తార అక్కర్లేదు, విశాలమైన తెర అక్కర్లేదు. ఒక ఇల్లూ చీకటీ చాలు. శామ్ రైమీ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు స్నేహితులను వెంటేసుకుని టెనెసీ అడవిలో ఒక పాత గుడిసెలో, 16 ఎంఎం ఫిల్ము మీద, నాలుగు లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఈవిల్ డెడ్ తీశాడు. రామ్సేలు కుటుంబమే ఒక కంపెనీ: తులసి, శ్యామ్ దర్శకులు, గంగు కెమెరా, కిరణ్ సౌండు. అన్నదమ్ములు తలో పని పంచుకున్నారు. మా బనియన్ కంపెనీలు నడిచిందీ అలాగే కదా! అన్న కటింగ్ చూస్తే తమ్ముడు చెకింగ్, బావమరిది సరుకు వేయడం. ఖర్చు తక్కువని పని తక్కువ కాదు. ఆ సినిమాల్లో మాయ చేసినవాళ్ల చేతిపని కనబడేది. దారం కనబడేది, మైనం కనబడేది, అయినా భయమేసేది. చేతిపనితో బతికే ఊరు దాన్ని చిన్నచూపు చూడలేదు. మా పక్కింటి టైలర్ మామ, దెయ్యం వేసుకున్న తెల్లచీరలో కుట్టు ఎక్కడ వచ్చిందో చెప్పేవాడు. చెబుతూనే నా భుజం పట్టుకునేవాడు.

అరిగిన కేసెట్ కూడా భయంలో సగం పని చేసేది. కాపీకి కాపీ తీసి, వంద ఇళ్లు తిరిగి వచ్చిన టేపు మీద తెల్లగీతలు పరుగెత్తేవి. దెయ్యం వచ్చేచోటే ఎక్కువ, ఎందుకంటే ఆ చోటే అందరూ వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూసేవాళ్లు. ట్రాకింగ్ మర తిప్పితే బొమ్మ కాసేపు నిలిచేది. నిలవకపోతే డెక్కు మూత తీసి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో హెడ్ తుడిచేవాళ్లు. అది చేయగల కుర్రాడికి వీధిలో మంచి మర్యాద. ఆ కుర్రాళ్లలో కొందరు తర్వాత కేబుల్ వైర్లు లాగారు, కొందరు కంపెనీల్లో మిషన్ మెకానిక్కులయ్యారు.

1984ను మాత్రం ఆగి చూడాలి. ఊళ్లో నాలుగు నెలలకు పైగా మిషన్లు ఆగిన ఏడు అది. అదే ఏడు తమిళనాడు ప్రభుత్వం వీసీఆర్ మీద జనానికి సినిమాలు వేయాలంటే లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చింది. అదే ఏడు కేంద్రం కాపీరైటు చట్టం సవరించి, వీడియో కేసెట్ మీద సెన్సారు సర్టిఫికెట్టూ, హక్కుదారు పేరూ ఉండాలంది. అదే ఏడు బ్రిటన్ కూడా వీడియోల మీద చట్టం చేసింది. అక్కడ గొడవ ముదిరిన సినిమాల్లో మా ఈవిల్ డెడ్ ఒకటి. అక్కడి భయం పిల్లలు పాడైపోతారని. ఇక్కడ హాళ్ల వాళ్ల ఆదాయం, సర్కారు వినోదపు పన్ను. రెండుచోట్లా ఆ పెట్టె ఇంట్లోకి రావడం పెద్దవాళ్లకు నచ్చలేదు. నా అభిప్రాయం దాచుకోను. ఇరవై మంది కూలీలు తమ డబ్బు పోగేసుకుని తమకు నచ్చింది తమ వాకిట్లో చూసుకోవడంలో తప్పు నాకెప్పుడూ కనబడలేదు. ఏ సినిమా, ఎప్పుడు, ఎవరి పక్కన కూచుని చూడాలో ఈ ఊరి పనివాళ్లు తామే తేల్చుకున్నది ఆ రాత్రుల్లోనే.

మా తెలుగు ఇళ్లకు ఇందులో ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికన్నా దగ్గరిది అదే. 1978 నాటి జగన్మోహిని తమిళంలోకి డబ్ అయి ఇక్కడ విరగబడి ఆడింది. కొట్లలో దొరికేదీ తమిళ కేసెట్టే. ఒకసారి చిత్తూరు వైపు నుంచి చుట్టం ఒకాయన తెలుగు కేసెట్ తెచ్చాడు. ఆ రాత్రి మా అవ్వ పడుకోలేదు. జయమాలిని మోహినిగా వచ్చి తెలుగులో నవ్వి మాట్లాడుతుంటే, “ఒరేయ్, దాని కాళ్లు వెనక్కి తిరిగుండాయా చూడండ్రా” అని గట్టిగా అడిగింది. అందరూ తెర వదిలేసి ఆమెను చూశారు. తర్వాత సినిమా ఆపించి, తనకు తెలిసిన దెయ్యాలన్నీ చెప్పింది: బావి గట్టున కూచునేది, చింతచెట్టుది, పొలాల్లో నిప్పు మోసుకుని నడిచే కొరివి దెయ్యం. ఇంట్లో తెలుగే మాట్లాడినా, మనవలకు కథలు మాత్రం తమిళంలో చెప్పడం అలవాటైన ఆమె నోట అంత తెలుగు మేం అంతకుముందు వినలేదు.

అసలు ఈ ప్రాంతంలో రాత్రి భయానికి తెలుగు ఎప్పటినుంచో తోడుంది. తెల్లవారకముందే గుడుగుడుప్పై అనే చిన్న డమరుకం వాయిస్తూ, జక్కమ్మ దేవతను పిలుస్తూ వీధిలోకి వచ్చే సోదెగాళ్లు కంబళత్తు నాయకులే. వాళ్లు శ్మశానంలో పూజ చేసి వస్తారని పిల్లలు వణికేవాళ్లు. గడపలో తమిళంలో సోదె చెప్పి, పక్కకు తిరిగి తమలో తాము తెలుగులో మాట్లాడుకునేవాళ్లు. మూడో కేసెట్ అయ్యే వేళా, వాళ్లు వచ్చే వేళా ఒకటే. టీవీలో కేక ఆగీ ఆగకముందే వీధి చివర ఆ డమరుకం మోగితే, ఎంత ధైర్యస్తుడైనా లేచి తలుపు వేయాల్సిందే.

డెక్కు కాలం త్వరగానే పోయింది. 1993లో సన్ టీవీ వచ్చింది, కేబుల్ వైరు ఇంటింటికీ చేరింది. ఆ దశాబ్దం చివరికి వీసీడీలు, ఆపై ఒక్క డిస్కులో మూడు సినిమాలు. 2004లో తమిళనాడు గూండాల చట్టంలోకి వీడియో పైరసీనీ చేర్చారు. కేసెట్ల కొట్లు సెల్‌ఫోన్ కొట్లయ్యాయి. మిగిలిన టేపులకు బూజు పట్టింది.

ఇప్పుడు అవే లైను ఇళ్లలో ఒడిశా, బీహారు కుర్రాళ్లు ఉంటున్నారు. శనివారం రాత్రి వాళ్లూ దెయ్యాల సినిమాలే చూస్తారు, ఎవరి ఫోనులో వాళ్లు. కింది గదిలో ఉండే ఒడిశా పిల్లవాడికి అరుంధతి సినిమా హిందీలో కంఠతా వచ్చు. అది తెలుగు సినిమా అని చెబితే నమ్మలేదు. కిందటి నెల తెలుగుది పెట్టి చూపించాను. అందులో విలన్ పశుపతి సమాధి పగలగొట్టుకుని బయటికి వచ్చేచోట మాటలు వాడు హిందీలో ముందే అనేస్తుంటే, నేను తెలుగులో వింటూ కూచున్నాను. వచ్చే శనివారం జగన్మోహిని పెడతానని చెప్పాను. తన గదిలోవాళ్లనీ పిలుచుకొస్తానన్నాడు.